చివరి మాటను పట్టుకోండి

(సొసైటీ వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి సంవత్సరం ఈ సభలో విద్య ఎంత అవసరమో చెప్పే ప్రసంగాలు ఉంటాయి. ఆ మాట తెలియనివారు ఇప్పుడు ఈ హాలులో ఎవరూ లేరు. కూలికి పోయే తల్లి కూడా బిడ్డను చదివించాలనే అంటుంది. కాబట్టి మేము ఈసారి ఆ పెద్ద మాట జోలికి పోకుండా, చదువులో ఒక చిన్న ముక్కను మీ ముందు పెట్టదలచినాము. ముక్క చిన్నదే గాని, దాని దగ్గర మన పిల్లలు చాలామంది ఆగిపోతున్నారు. ఇంగ్లీషులో మాటలు వరసగా ఒకదాని పక్కన ఒకటి నిలబడితే వాటి అర్థం ఎలా తీయాలి? ఇదే మా విషయము. వ్యాకరణమా అని భయపడవద్దు. మన కూకట్‌పల్లి వీధుల్లో ఉన్న బోర్డులే మనకు పాఠ్యపుస్తకం.

ముందుగా ఇది ఎందుకు చెప్పవలసి వచ్చిందో మనవి చేస్తాము. ఉర్దూ మీడియంలో పదవ తరగతి దాటిన ఒక అమ్మాయి, చదువులో చురుకైనది, కాలేజీలో చేరిన తరువాత ఒక నోటీసు చూసింది. అందులో ‘అప్లికేషన్ ఫీ రీయింబర్స్‌మెంట్’ అని ఉంది. పాపం ఆ అమ్మాయి దాన్ని ‘ఫీ రీయింబర్స్‌మెంట్ అప్లికేషన్’ అనుకుంది. మూడు మాటలూ అవే గదా! కాలేజీ ఫీజు కోసం పెట్టుకోవలసిన దరఖాస్తు ఇదేనని రెండు రోజులు ఒక ఆఫీసు వరండాలో నిలబడింది. తీరా ఆ నోటీసు, దరఖాస్తుకు కట్టిన కొద్దిపాటి రుసుము వాపసు ఇవ్వడం గురించి. ఆ అమ్మాయికి మూడు మాటలకూ విడివిడిగా అర్థం తెలుసు. డిక్షనరీ ఇస్తే ఇంకా బాగా చెబుతుంది. తెలియనిదల్లా వాటి వరస. ఆ వరసను మా దగ్గర గాని, మరెవరి దగ్గర గాని ఒక పాఠంగా ఎవరూ చెప్పరు. వస్తుందిలే అని వదిలేస్తాము. కొందరికి వస్తుంది, కొందరికి రాదు.

ఇక సూత్రానికి వద్దాము. ఇంగ్లీషులో పేరు ఎంత పొడుగున్నా సరే, చివరి మాటే యజమాని. ముందున్నవన్నీ ఆ యజమాని గురించి ఏదో ఒకటి చెప్పడానికి వచ్చినవి. ‘అప్లికేషన్ ఫీ రీయింబర్స్‌మెంట్’ అన్నప్పుడు చివరిది రీయింబర్స్‌మెంట్. అంటే వాపసు ఇవ్వడం. ఏమి వాపసు? ఫీ. ఏ ఫీ? అప్లికేషన్ ఫీ. అదే ‘ఫీ రీయింబర్స్‌మెంట్ అప్లికేషన్’ అంటే చివరిది అప్లికేషన్, అది ఒక కాగితం. దేనికోసం కాగితం? రీయింబర్స్‌మెంట్ కోసం. దేని రీయింబర్స్‌మెంట్? ఫీజుది. చూడండి, ఎడమ నుంచి చదివాము, కుడి నుంచి అర్థం చేసుకున్నాము. ఉర్దూ చదివే మన పిల్లలకు కుడి నుంచి ఎడమకు పోవడం కొత్త ఏమీ కాదు గదా!

మన చేతిలో ఉన్న ఈ పుస్తకాన్నే తీసుకోండి. ముస్లిం కమ్యూనిటీ వెల్ఫేర్ సొసైటీ వారి యాన్యువల్ సావనీర్. సావనీర్ యజమాని. యాన్యువల్ అన్నది సావనీర్‌కు చెందుతుంది, సొసైటీకి కాదు. మన సొసైటీ ఏడాదికి ఒక్కరోజు మాత్రం పనిచేసేది అని ఎవరైనా అనుకుంటే అధ్యక్షుల వారు ఒప్పుకోరు!

ఇప్పుడు ఒక పెద్ద పేరు. మన పిల్లలు చాలామంది చదువుతున్న గురుకులాలను నడిపే సంస్థ పేరు తెలంగాణ మైనారిటీస్ రెసిడెన్షియల్ ఎడ్యుకేషనల్ ఇన్‌స్టిట్యూషన్స్ సొసైటీ. 2016లో దీని పాఠశాలలు మొదలైనాయి. పేరులో ఆరు మాటలు. చివరిది సొసైటీ, అంటే సంఘం. ఏమి సంఘం? సంస్థలను నడిపే సంఘం. ఏమి సంస్థలు? విద్యకు సంబంధించినవి. పిల్లలు ఎక్కడ ఉండి చదివేవి? అక్కడే నివాసముండి చదివేవి. ఎవరి కోసం? మైనారిటీల కోసం. ఎక్కడ? తెలంగాణలో. ఐదు ప్రశ్నలు, ఐదు జవాబులు, అయిపోయింది. ఈ ఆరు మాటలలో రెసిడెన్షియల్, ఎడ్యుకేషనల్ అనే రెండే విశేషణాలు. మిగిలిన నాలుగూ నామవాచకాలు. అంటే నామవాచకం కూడా విశేషణం చేసే పనిని చేస్తున్నది. ఇదే ఇంగ్లీషు రహస్యం.

ఇక్కడ ఉర్దూ వ్యాకరణం చదివిన పెద్దలకు ఒక మాట గుర్తు రావాలి. మన ఖవాయద్ పుస్తకాలలో రెండు రకాల జతలు చెబుతారు. ఒకటి మురక్కబ్-ఎ-తౌసీఫీ. అందులో ఒక మౌసూఫ్, ఒక సిఫత్ ఉంటాయి. అంటే ఒక వస్తువు, దాని గుణం. రెండవది మురక్కబ్-ఎ-ఇజాఫీ. అందులో ముజాఫ్, ముజాఫ్ ఇలైహ్ ఉంటాయి. అంటే ఒక వస్తువు, దానికి సంబంధించిన మరో వస్తువు. తెలుగు పండితులు మొదటిదాన్ని విశేషణ పూర్వపద కర్మధారయము అంటారు. రెండవది చాలావరకు షష్ఠీ తత్పురుషము, దాని సోదర సమాసాలు. 19వ శతాబ్దంలో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలోను, 1914లో మౌల్వీ అబ్దుల్ హక్ ఖవాయద్-ఎ-ఉర్దూలోను తమ తమ భాషలకు వ్యాకరణం రాసి పెట్టారు. కనుక మన పిల్లవాడు వట్టి చేతులతో ఇంగ్లీషు దగ్గరికి పోవడం లేదు. వాడి సంచిలో రెండు వ్యాకరణాలున్నాయి. సంచి విప్పి చూపేవారు కావాలి, అంతే.

మరి వాడికి కష్టం ఎక్కడ వస్తున్నది? వరస దగ్గర. బడిలో బోర్డును చూడండి. పుస్తకాల ఉర్దూలో తఖ్తా-ఎ-సియాహ్. తెలుగులో నల్లబల్ల. ఇంగ్లీషులో బ్లాక్‌బోర్డ్. ఫారసీ పద్ధతిలో బల్ల ముందు, నలుపు తరువాత. తెలుగులోను ఇంగ్లీషులోను నలుపు ముందు, బల్ల తరువాత. పబ్లిక్ గార్డెన్స్‌ను మన పెద్దలు బాగ్-ఎ-ఆమ్ అనేవారు. బాగ్ ముందు వచ్చింది. మన కూకట్‌పల్లిలోనే బాగ్ అమీర్ ఉంది. అమీర్ గారి తోట అని అర్థం, అందులోనూ తోటే ముందు. దాని చుట్టూ ఉన్న ఊళ్లు చూడండి. మూసాపేట, నిజాంపేట, హైదర్‌నగర్. వీటిలో పేట, నగర్ చివరకు పోయినాయి. మనుషుల పేర్లు మనవే, వరస మాత్రం ఈ నేలది. ఒకే ప్రాంతంలో రెండు వరసలూ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి.

అయితే ఉర్దూకు ముందుమాట వరస రాదని ఎవరూ అనుకోవద్దు. దవాఖానా అనే మాట ఉంది. దవా అంటే మందు, ఖానా అంటే ఇల్లు. మధ్యలో కా, కీ, కే ఏదీ లేదు. తెలంగాణ తెలుగులో కూడా దవాఖాన అనే అంటారు. 2018లో హైదరాబాదులో బస్తీ దవాఖానాలు మొదలైతే మూడు నామవాచకాలు వరసగా నిలబడ్డాయి. బస్తీ, దవా, ఖానా. ఎవరికైనా అర్థం కాకుండా పోయిందా? సైన్సు పాఠంలో టెలిస్కోప్‌ను మేము దూర్‌బీన్ అని చెబుతాము. తెలుగు మీడియం వారు దూరదర్శిని అంటారు. మైక్రోస్కోప్ మాకు ఖుర్ద్‌బీన్, వారికి సూక్ష్మదర్శిని. మూడు భాషల్లోనూ దూరం ముందు, చూసేది తరువాత. సూక్ష్మం ముందు, చూసేది తరువాత. ఒక్క వెంట్రుక కూడా తేడా లేదు. పిల్లవాడికి ఇది నల్లబల్ల మీద పక్కపక్కన రాసి చూపిస్తే వాడి ముఖంలో వచ్చే వెలుగు చూడవలసినదే.

ఈ పనికి మన నగరం పేరు పొందినది కూడాను. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైనప్పుడు, దానికి పుస్తకాలు కావాలని 1917లోనే దారుత్తర్జుమా, అంటే అనువాద శాఖ, పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి పెద్దగా ఉన్నారు. మౌల్వీ వహీదుద్దీన్ సలీమ్ కొత్త మాటలు ఎలా కట్టాలో చెబుతూ ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అనే గ్రంథం రాశారు. అది 1921లో వచ్చింది. రెండు మాటలను కలిపి ఒక కొత్త మాటను ఎలా పుట్టించాలన్నది ఆనాడు మన వారికి రోజువారీ పని. ఆ ఊరి పిల్లలు ఈనాడు రెండు ఇంగ్లీషు మాటల దగ్గర బెదరడం మాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. విశేషణం నిజాయితీపరుడు. తన అర్థం తానే చెబుతుంది. పురానా పుల్ అంటే పాత వంతెన, 1578 నాటిది. పురానీ హవేలీ అంటే పాత భవనం. ఉర్దూలో ఆ విశేషణం లింగాన్ని బట్టి పురానా, పురానీ అని మారుతుంది. తెలుగులో పాత, ఇంగ్లీషులో ఓల్డ్ ఎక్కడా మారవు. అంతవరకు సులభమే. కాని నామవాచకం మరో నామవాచకం ముందు నిలబడితే, వాటి మధ్య సంబంధం ఏమిటో అది నోరు విప్పి చెప్పదు. మనమే ఊహించుకోవాలి.

మన కేపీహెచ్‌బీ రైతు బజారుకు రండి. రాష్ట్రంలో రైతు బజార్లు 1999లో మొదలైనాయి. కూరగాయల మార్కెట్లో కూరగాయలు అమ్ముతారు. మరి రైతు బజారులో రైతును అమ్ముతారా? అక్కడ రైతు అమ్మేవాడు. ఫీవర్ హాస్పిటల్ జ్వరాన్ని తగ్గించేది. ఐ హాస్పిటల్ కంటిని బాగుచేసేది. నీలోఫర్ హాస్పిటల్ మాత్రం ఒక రాకుమారి పేరు మీద ఉన్నది. కాఫ్ సిరప్ దగ్గుకు విరుగుడు, మ్యాంగో సిరప్ మామిడితో చేసింది. మక్కా మసీదు మక్కాలో లేదు, మన చార్మినార్ పక్కనే ఉంది. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు అందులో వాడారని చెబుతారు గనుక ఆ పేరు. ఆల్విన్ కాలనీ అంటే ఆ కంపెనీ పేరు మీద వెలసిన కాలనీ. ఇన్ని రకాల సంబంధాలున్నా మాటల మధ్య ఒక్క గుర్తు కూడా లేదు. తెలుగులోనూ అంతే గదా. కొబ్బరినూనె కొబ్బరి నుంచి తీసినది, తలనూనె తలకు రాసేది.

డాక్టర్ల బోర్డుల దగ్గర మరీ విచిత్రం. లేడీ డాక్టర్ అంటే ఆ డాక్టరే స్త్రీ. చైల్డ్ స్పెషలిస్ట్ అంటే ఆ స్పెషలిస్టు పసిపిల్లవాడని కాదు, పిల్లల జబ్బులు చూసేవాడు. పక్క షాపులో లేడీస్ టైలర్ ఉన్నాడు. గడ్డం మీసం ఉన్న మగమనిషే. స్త్రీల బట్టలు కుడతాడు గనుక లేడీస్ టైలర్. అదే లేడీ టైలర్ అని రాస్తే కుట్టేది ఒక స్త్రీ అని అర్థం. ఒక్క ‘స్’ తో మనిషే మారిపోయాడు.

కాబట్టి పిల్లలకు మేము చెప్పేది ఇది. రెండు నామవాచకాలు కలిసి కనిపిస్తే చివరిదాన్ని పట్టుకొని, దానికి ముందున్నదానితో ఏమి సంబంధమని అడగండి. దేనితో చేసినది? దేనికోసం? ఎక్కడిది? ఎప్పటిది? ఎవరి పేరు మీద? ఎవరు నడిపేది? ఈ అరడజను ప్రశ్నలలో ఏదో ఒకటి తప్పక తలుపు తీస్తుంది.

ముందున్న మాట విశేషణమా, నామవాచకమా అని తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష. దాని ముందు ‘వెరీ’ పెట్టి చూడండి. ‘వెరీ ఓల్డ్ బిల్డింగ్’ అనవచ్చు. ‘వెరీ స్కూల్ బిల్డింగ్’ అనరాదు. ‘ది బిల్డింగ్ ఈజ్ ఓల్డ్’ సరిపోతుంది. ‘ది బిల్డింగ్ ఈజ్ స్కూల్’ అంటే నవ్వుతారు. ఈ పరీక్ష అన్ని చోట్లా పారదు. యాన్యువల్ విశేషణమే అయినా ‘వెరీ యాన్యువల్’ అనరు. కాని మొదటి మెట్టుగా పనికి వస్తుంది. ఈ భేదం ఎందుకంటే, ఒకే మూలం నుంచి వచ్చిన నామవాచకమూ విశేషణమూ ఒకే అర్థం ఇవ్వవు. గోల్డ్ చెయిన్ అంటే బంగారంతో చేసిన గొలుసు. గోల్డెన్ ఛాన్స్ అంటే బంగారం లాంటి అవకాశం, అందులో బంగారం గ్రాము కూడా ఉండదు. హిస్టరీ బుక్ చరిత్ర పాఠాలున్న పుస్తకం. హిస్టారిక్ బుక్ అంటే చరిత్రలో నిలిచిపోయిన పుస్తకం. పరీక్షలో ఒకదాని బదులు ఒకటి రాస్తే మార్కు పోతుంది.

ఉర్దూవారికి ఇక్కడ ఒక అలవాటు అడ్డు వస్తుంది. మనకు ఊరి పేరు నుంచి గుణం చేయాలంటే చివర ‘ఈ’ చేర్చాలి. దాన్ని యా-ఎ-నిస్బత్ అంటారు. హైదరాబాదీ హలీం, లఖ్నవీ కుర్తా. ఇంగ్లీషుకు ఆ పట్టింపు లేదు. ఊరి పేరును ఉన్నదున్నట్టుగా ముందు నిలబెడుతుంది. 2010లో మన హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నమోదైన పేరు హైదరాబాద్ హలీం. ‘ఈ’ లేదు. రుచి ఏమీ తగ్గలేదు లెండి.

తరువాత బహువచనం సంగతి. ఉర్దూలో ఆంఖోఁ కా డాక్టర్ అంటాము. కళ్లు రెండు గదా. అందుకే మన పిల్లవాడు ‘ఐస్ డాక్టర్’ అని రాస్తాడు. తెలుగులో కంటి డాక్టరు, ఏకవచనమే. ఇంగ్లీషులో కూడా ఐ డాక్టర్. అయితే చెప్పుల షాపు, పుస్తకాల షాపు దగ్గర తెలుగు కూడా బహువచనమే వాడుతుంది. ఇంగ్లీషు మాత్రం షూ షాప్, బుక్ షాప్ అంటుంది. షాపులో వెయ్యి జతలున్నా షూ ఒక్కటే. అంకె వచ్చినా ఇదే పద్ధతి. నోటు మీద టెన్ రుపీస్ అని అచ్చు ఉంటుంది. కాని ఆ నోటును పిలిచేటప్పుడు టెన్-రుపీ నోట్ అనాలి, ‘స్’ రాలిపోతుంది. 1951లో మొదలైన పంచవర్ష ప్రణాళికను తలచుకోండి. ఇంగ్లీషులో ఫైవ్-ఇయర్ ప్లాన్, ‘ఇయర్స్’ అనలేదు. ఉర్దూలో పంజ్‌సాలా మన్సూబా. అందులోనూ సాల్ ఒక్కటే. తెలుగులో పంచవర్ష, వర్షములు అనలేదు. సమాసం కట్టేటప్పుడు బహువచనాన్ని గుమ్మం బయట వదిలిపెట్టడం సంస్కృతానికీ ఫారసీకీ కూడా తెలిసిన మర్యాదే. గూడ్స్ ట్రైన్, స్పోర్ట్స్ డే, సేవింగ్స్ బ్యాంక్, కస్టమ్స్ డ్యూటీ వంటివి కొన్ని ‘స్’తోనే ఉంటాయి. వాటిని విడిగా కంఠస్థం చేయవలసిందే.

ఇంకొక చోట మాత్రం ఉర్దూయే గెలుస్తుంది. ‘న్యూ స్కూల్ బిల్డింగ్’ అన్నారనుకోండి. కొత్తది ఏది? స్కూలా, బిల్డింగా? ఇంగ్లీషు చెప్పదు. ఉర్దూ స్పష్టంగా చెబుతుంది. నయే స్కూల్ కీ ఇమారత్ అంటే స్కూలు కొత్తది. స్కూల్ కీ నయీ ఇమారత్ అంటే భవనం కొత్తది. తెలుగులో కూడా ‘స్కూలు కొత్త బిల్డింగు’ అని మధ్యలో పెట్టి అనేయవచ్చు. కాని ఇంగ్లీషులో ‘స్కూల్ న్యూ బిల్డింగ్’ అనరాదు. అక్కడ నామవాచకం యజమానిని అంటిపెట్టుకొని కూర్చుంటుంది, విశేషణం దానికి ముందు కూర్చోవాలి. విశేషణాలు రెండు మూడు ఉంటే, మామూలుగా పరిమాణం ముందు, వయసు తరువాత, దేనితో చేసినదో చివర. బిగ్ ఓల్డ్ స్టోన్ హౌస్. రాయి ఇంటి పక్కనే ఉండాలి, అంతే.

అర్థం రెండు విధాలుగా పోయేటప్పుడు రాతలో చిన్న అడ్డగీత కొంత సాయపడుతుంది. అబిడ్స్‌లో ఆదివారం నాడు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు, మీకు తెలుసు. ‘ఓల్డ్ బుక్ షాప్’ అంటే పాతబడిన షాపా, పాత పుస్తకాల షాపా? ఓల్డ్, బుక్ మధ్య అడ్డగీత పెడితే పాత పుస్తకాల షాపు అని ఖాయం. మాటలో అయితే ఒత్తు సాయపడుతుంది. ‘ఇంగ్లీష్ టీచర్’ అన్నప్పుడు ఇంగ్లీషు మీద ఒత్తితే ఇంగ్లీషు చెప్పే టీచరు. టీచర్ మీద ఒత్తితే ఇంగ్లండు దేశస్థుడైన టీచరు. మొదటి దానిలో ఇంగ్లీష్ నామవాచకం, రెండవ దానిలో విశేషణం. మా స్టాఫ్ రూములో మొదటి రకం వారే ఉన్నారు.

మన చుట్టుపక్కల పెద్ద పేర్లను ఈ కొలతతో చూడండి. ‘కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డ్ కాలనీ’. కూకట్‌పల్లికి ప్రత్యేకంగా ఒక హౌసింగ్ బోర్డు ఎప్పుడూ లేదు. ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు కట్టిన కాలనీ కూకట్‌పల్లిలో ఉంది. కాబట్టి హౌసింగ్ బోర్డ్ కాలనీని ముందు ముడి వేసి, దానికి కూకట్‌పల్లిని తగిలించాలి. జనం దాన్ని కేపీహెచ్‌బీ అని కుదించినప్పుడు కాలనీ అనే యజమానినే కోసేశారు! అయినా ఆటోవాడు సరైన చోటికే తీసుకుపోతాడు. హైటెక్ సిటీ పేరు వింటే హై అనే విశేషణం ఉందనిపిస్తుంది. విడదీస్తే హైదరాబాద్, ఇన్‌ఫర్మేషన్ టెక్నాలజీ, ఇంజనీరింగ్, కన్సల్టెన్సీ అని వస్తుంది. అన్నీ నామవాచకాలే. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఈ నేల మీద అన్నం పెడుతున్న మాటలివి. వాటిలో విశేషణం ఒక్కటీ లేదు.

అదే 1998లో పార్లమెంటు చట్టంతో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఏర్పడి, గచ్చిబౌలిలో నిలిచింది. నేషనల్ అన్నది ఉర్దూకు కాదు, ఉర్దూ యూనివర్సిటీ అనే జతకు విశేషణం. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మన నగరంలో పుట్టిన సంస్థ, 2007లో ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ అయింది. అందులో ఫారిన్ అన్న విశేషణం ‘అండ్’ దాటి వెనక్కు పోదు. కాబట్టి ఇంగ్లీషు పరాయి భాషల వరసలో కాక విడిగా నిలబడింది. ఒక్క విశేషణం ఎక్కడ కూర్చున్నదనే దానిలో ఎంత అర్థం ఉందో చూడండి.

సూత్రానికి మినహాయింపు చెప్పకపోతే మా విద్యార్థులు ఊరుకోరు. చార్మినార్! 1591 నాటి కట్టడం. చివరి మాట మినార్. మరి అది మినారా? కాదు, నాలుగు మినార్లు కలిగిన కట్టడం. తెలుగులో దీన్ని బహువ్రీహి అంటారు. యజమాని పేరులో లేడు, బయట ఉన్నాడు. ఇంగ్లీషులో పేపర్‌బ్యాక్ అట్లాంటిదే. కాగితపు వీపు గల పుస్తకం అని అర్థం, పుస్తకం అనే మాట మాత్రం లేదు. ఇంకొకటి, బ్లాక్‌బోర్డ్. మా తరగతిలో బోర్డుకు ఆకుపచ్చ రంగు వేశారు. అయినా అందరం బ్లాక్‌బోర్డ్ అనే అంటాము. రెండు మాటలు ఒకటిగా అతుక్కుపోయిన తరువాత విశేషణం తన గుణాన్ని వదులుకుంటుంది. నల్లబల్లకు నలుపే అక్కరలేదు.

సోదరులారా, ఇంత చెప్పినది పాండిత్యం కోసం కాదు. ఇంటర్‌లో చేరేసరికి మన ఉర్దూ మీడియం బిడ్డ ముందు అన్నీ ఇటువంటి మాటల గుత్తులే ఉంటాయి. ఇన్‌కమ్ సర్టిఫికెట్, బ్లడ్ ప్రెషర్, వాటర్ సప్లై, హీట్ కండక్షన్, జాబ్ అప్లికేషన్ ఫారం. పిల్లవాడు విడి మాటలు బట్టీపడతాడు, గుత్తి దగ్గర జారిపడతాడు. అప్పుడు బంధువులు ఏమంటారు? ఉర్దూ చదివించారు గనుకనే ఇట్లా అయిందంటారు. తల్లిదండ్రులు కూడా చిన్నవాణ్ణి ఉర్దూ బడి మాన్పిస్తారు. వాడు ఇంగ్లీషూ పూర్తిగా నేర్వక, ఉర్దూ రాత కూడా పోయి, అమ్మీ రాసిన ఉత్తరం చదవలేని స్థితికి వస్తాడు. 2017లో మన రాష్ట్రంలో ఉర్దూ రెండవ అధికార భాష అయింది. బోర్డు మీద అక్షరాలు వచ్చాయి, వాటిని చదివే పిల్లలు తగ్గితే ఏమి లాభం? తప్పు ఉర్దూది కాదని మేము గట్టిగా చెబుతాము. ఖుర్ద్‌బీన్ తెలిసినవాడికి మైక్రోస్కోప్ తెలియకుండా ఎట్లా పోతుంది? రెంటినీ కలిపి చూపే అరగంట పాఠం వాడికి దొరకలేదు, అదే లోటు.

కాబట్టి సొసైటీ పెద్దలకు మా మనవి ఒకటే. ఆదివారం ఫజర్ తరువాతో, జుహర్ తరువాతో ఒక గంట హాలు ఇప్పించండి. పుస్తకాలు అక్కరలేదు. ఒక నల్లబల్ల, మూడు గడులు. మొదటి గడిలో ఉర్దూ, రెండవ గడిలో తెలుగు, మూడవ గడిలో ఇంగ్లీషు. పిల్లలు వారమంతా బజారులో, ఆస్పత్రిలో, బ్యాంకులో, బస్సు మీద చూసిన పేర్లు రాసుకొని రావాలి. ఒక్కొక్క పేరు తీసుకొని చివరి మాట ఏది, ముందున్నది విశేషణమా నామవాచకమా, సంబంధం ఏమిటి అని అడుగుదాము. తెలుగు మీడియంలో చదివిన పెద్ద పిల్లలు వచ్చి కూర్చుంటే ఇంకా మంచిది. వరస వారి భాషలో ఇంగ్లీషు లాగానే ఉంటుంది గనుక మన పిల్లలకు వంతెన దొరుకుతుంది. మన పిల్లల ఉర్దూ వినడం వల్ల వారికీ లాభమే.

తల్లులకు ఒక మాట. మీకు ఇంగ్లీషు రాదని వెనుకాడవద్దు. బిడ్డ తెచ్చిన కాగితం మీద వేలు పెట్టి, “బేటా, చివరి మాట ఏమిటి? అది దేని గురించి?” అని అడగండి చాలు. జవాబు వాడే వెతుక్కుంటాడు. ప్రశ్న అడిగేవారు ఇంట్లో ఉన్న బిడ్డ వెనుకబడడు.

 ఇన్షా అల్లా, వచ్చే ఏటి సభలో ఆ ఆదివారం తరగతి పిల్లలే ఈ వేదిక ఎక్కి, మేము చెప్పని పేర్లు విడదీసి మనకు చెప్పాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.